మా టికెట్ వరుసలో ఎక్కడుంది? ఒక ఐఎస్‌పీ బోర్డర్ రౌటర్ల కేస్ స్టడీ

లింక్ పడిపోయింది రెండే రెండు సెకన్లు. మా నెట్‌వర్క్ తేరుకోవడానికి మాత్రం 11 నిమిషాలు పట్టింది. ఆ 11 నిమిషాలూ బోర్డర్ రౌటర్‌లో (మా నెట్‌వర్క్‌ను బయటి ఇంటర్నెట్‌తో కలిపే రౌటర్) ఒక్క ప్రాసెసర్ కోర్ 100 శాతం దగ్గర కొట్టుకుంటుంటే మిగతావన్నీ చేతులు కట్టుకుని కూర్చున్నాయి. గ్రాఫ్ చూసి నైట్ షిఫ్ట్ కుర్రాడు అడిగాడు: "అన్నా, ఇన్ని కోర్లున్న బాక్స్ కొన్నాం కదా, పని చేసేది ఒక్కటేనా?"

అవును, ఒక్కటే. మేం నడుపుతున్న సాఫ్ట్‌వేర్ వెర్షన్‌లో బీజీపీ (నెట్‌వర్క్‌లు దారులను, అంటే రూట్లను, ఒకదానికొకటి చెప్పుకునే ప్రొటోకాల్) పనంతా ఒకే ప్రాసెస్, ఒకే కోర్ మీద. మర్నాడు పొద్దున్నే వెండర్‌కు, అంటే ఆ రౌటర్ల కంపెనీకి, టికెట్ పెట్టాను: "బీజీపీని అన్ని కోర్ల మీదా నడిచేలా మార్చండి." ఆ ఒక్క వాక్యం రాసిన తీరులోనే తప్పుందని నాకు తెలియడానికి సుమారు రెండేళ్లు పట్టింది. ఈ కేసు ఆ రెండేళ్లది.

వెండర్ పేరు రాయడం లేదు. పేరు కనబడితే చర్చంతా ఆ కంపెనీ మంచిదా చెడ్డదా అన్న దాని మీదకు వెళ్లిపోతుంది. ఇలాంటి ఇబ్బంది ఏ వెండర్‌తోనైనా రావచ్చు.

మా నెట్‌వర్క్

మధ్యస్థాయి ఐఎస్‌పీ, అంటే ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే సంస్థ, మాది. ఇళ్లకూ చిన్న ఆఫీసులకూ పీపీపీఓఈ (కస్టమర్ లాగిన్ అయి సెషన్ తెరిచే పద్ధతి) మీద కనెక్షన్లు ఇస్తాం. మాకు బయటి ఇంటర్నెట్ అందించే ఇద్దరు అప్‌స్ట్రీమ్ ప్రొవైడర్లు, రెండు బోర్డర్ రౌటర్లు, వాటి వెనక సబ్‌స్క్రైబర్ సెషన్లు మోసే బీఎన్‌జీలు. అన్నీ ఒకే వెండర్‌వి. ఎందుకంటే ధర తక్కువ. ఇంట్లో పెట్టే చిన్న రౌటర్ నుంచి బోర్డర్ దాకా ఒకే సాఫ్ట్‌వేర్, ఒకే రకం కమాండ్లు. కొత్తగా చేరిన వాళ్లకు ఒకసారి నేర్పితే ఎక్కడైనా పని చేయగలరు. ఫీచర్‌కో లైసెన్స్ కొనక్కర్లేదు, ఏటా మెయింటెనెన్స్ కాంట్రాక్ట్ కట్టక్కర్లేదు. అప్పట్లో ఇవన్నీ మాకు లాభాల్లాగే కనిపించాయి. మెయింటెనెన్స్ కాంట్రాక్ట్ లేకపోవడం గురించి మళ్లీ చెబుతాను.

బాక్సులు కొన్నప్పుడు ఇబ్బందేమీ లేదు. పెరిగింది ఇంటర్నెట్. 2014 ఆగస్టు 12న ప్రపంచ ఐపీవీ4 రూటింగ్ టేబుల్ 5,12,000 రూట్లు దాటితే, అంతకు మించి మెమరీ కేటాయించని పాత రౌటర్లు చాలా చోట్ల తడబడ్డాయి. ఇప్పుడా టేబుల్ 10 లక్షల దగ్గరుంది. ఐపీవీ6 రూట్లు మరో 2 లక్షల పైన. ఇద్దరు అప్‌స్ట్రీమ్‌ల నుంచీ ఫుల్ టేబుల్, అంటే ఆ రూట్లన్నీ, తీసుకుంటే వాళ్లతో ఉన్న ఒక బీజీపీ సెషన్ పడి లేచినప్పుడల్లా రౌటర్ లక్షల రూట్లను మళ్లీ పోల్చి, మంచిది ఎంచి, ఫార్వర్డింగ్ టేబుల్‌లో మార్చాలి. అది పూర్తయ్యే దాకా కొంత ట్రాఫిక్ లేని దారిలోకి పోయి మాయమవుతుంది. కస్టమర్‌కు ఇదంతా కనబడదు. వాట్సాప్ వస్తోంది, బ్యాంకు సైటు రావడం లేదు, అంతే. "నెట్ సగం పనిచేస్తోంది" అని ఫోన్లు వచ్చేది ఇలాంటప్పుడే.

ఇంకో అవసరం కూడా ముదురుతోంది, ఆర్‌పీకేఐ. ఒక ప్రిఫిక్స్‌ను (ఐపీ అడ్రసుల గుంపును) ప్రకటించే హక్కు ఏ నెట్‌వర్క్‌కు ఉందో సంతకంతో రుజువు చేసే పద్ధతి. దాని నిర్మాణం ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం) 6480గా 2012లో, రౌటర్ ఆ సమాచారంతో రూట్లను ఎలా తనిఖీ చేయాలన్నది ఆర్‌ఎఫ్‌సీ 6811గా 2013లో వచ్చాయి. మా అప్‌స్ట్రీమ్ ఒకరు "మీ వైపు చెల్లని రూట్లను తిరస్కరిస్తున్నారా?" అని ఒకటికి రెండుసార్లు అడిగారు. మా వెర్షన్‌లో ఆ మాటే లేదు.

రెండు వెర్షన్ల మధ్య

టికెట్‌కు జవాబు మర్యాదగానే వచ్చింది. పాత వెర్షన్‌లో కొత్త ఫీచర్లు ఇక రావు, కొత్త మేజర్ వెర్షన్‌లో రూటింగ్ మొత్తం తిరగరాస్తున్నాం, అన్ని కోర్లూ వాడుతుంది, ఆర్‌పీకేఐ కూడా ఉంటుంది, బీటా వాడి చూడండి అని. బాగుంది అనుకున్నాం. బీటా తర్వాత బీటా వచ్చింది. ఆ తర్వాత "స్టేబుల్" అన్న ముద్ర వచ్చింది. ఆ ముద్ర ఇంటి రౌటర్‌కు నిజమే. బోర్డర్‌కు కాదు.

ల్యాబ్‌లో పెట్టి చూస్తే మొదటి రోజే ఒక లోటు కనిపించింది. ఎదుటి నెట్‌వర్క్‌కు మనం ఏయే రూట్లు ప్రకటిస్తున్నామో చూపించే కమాండ్ కొత్త వెర్షన్‌లో లేదు. పాతదాంట్లో ఉండేది. తిరగరాసేటప్పుడు ఇంకా చేర్చలేదట. బీజీపీ నడిపేవాడికి అది కళ్లకు గంతలు కట్టినట్టే. వాళ్లు చెప్పేది మనకు వినిపిస్తుంది, మనం ఏం చెబుతున్నామో మాత్రం తెలియదు. టికెట్ పెట్టాం. "ప్రణాళికలో ఉంది" అన్నారు. తేదీ చెప్పలేదు.

అదే సమయంలో వరసగా వస్తున్న రిలీజుల్లో ఏముందో చూద్దామని ఒక ఆదివారం ఏడాది చేంజ్‌లాగ్‌లన్నీ ప్రింట్ తీసి రంగు పెన్నులతో గీతలు గీశాను. కాస్త చాదస్తమే. వైఫైకి ఒక రంగు, మొబైల్ యాప్, కంటైనర్లు, ఇంట్లో ఫైల్ షేరింగ్ లాంటి వాటికి ఒకటి, రూటింగ్‌కు ఒకటి. మూడో రంగు కోసం పేజీలు తిప్పి వెతుక్కోవాల్సి వచ్చింది. దొరికిన వాటిలో చాలా వరకు అంతకు ముందు రిలీజ్‌లో వాళ్లే పాడుచేసిన దాన్ని బాగుచేసుకున్నవి. రౌటర్ అని పేరు పెట్టుకున్న పెట్టెలో కంటైనర్ నడపాలని ఎవరడిగారో గానీ, మేమైతే అడగలేదు.

పాత వెర్షన్‌లోనే ఉండిపోవచ్చు కదా అంటారు. ఉండిపోయేవాళ్లమే. ఒక బోర్డర్ పవర్ సప్లై కాలిపోయి బదులు బాక్స్ తెప్పిస్తే, ఆ కొత్త మోడల్ కొత్త వెర్షన్ మీద తప్ప నడవదు. అలా మాకు తెలియకుండానే ఒక కాలు ఇటు, ఒక కాలు అటు అయింది.

ఆ రాత్రి

కొత్త బాక్స్‌లోకి పాత కాన్ఫిగరేషన్ మార్చాం. కొత్త వెర్షన్‌లో ఫిల్టర్లు రాసే భాష వేరు. వెండర్ ఇచ్చిన మార్పిడి సాధనం చాలా వరకు సరిగ్గానే మార్చింది. కానీ ఒక అప్‌స్ట్రీమ్‌కు మనం ఏం ప్రకటించాలో చెప్పే ఫిల్టర్‌లో, కమ్యూనిటీ (రూట్‌కు తగిలించే గుర్తు) చూసి అనుమతించే ఒక రూల్ ఉంది. మార్పిడిలో ఆ రూల్ షరతు జారిపోయింది, "అనుమతించు" అన్నది మిగిలింది. అంటే ఒక అప్‌స్ట్రీమ్ నుంచి నేర్చుకున్న ఇంటర్నెట్ మొత్తాన్ని రెండో అప్‌స్ట్రీమ్‌కు "ఇదంతా మా ద్వారా రండి" అని ప్రకటించడం మొదలుపెట్టాం. దీన్నే రూట్ లీక్ అంటారు. ఆర్‌ఎఫ్‌సీ 7908 లీకులను ఆరు రకాలుగా విడగొడితే, మాది అందులో మొదటి రకం.

మమ్మల్ని కాపాడింది అవతలి వాళ్ల జాగ్రత్త. మా సెషన్ మీద వాళ్లు 100 ప్రిఫిక్స్‌ల పరిమితి పెట్టుకున్నారు. మేం మామూలుగా పంపేవి ముప్పైకి అటూ ఇటూ. 101వది రాగానే వాళ్ల రౌటర్ సెషన్ తెంచేసింది. మా లాగ్‌లో కనబడింది 6/1 అన్న నోటిఫికేషన్ ఒక్కటే. బీజీపీలో 6 అంటే సెషన్ ముగించడం, 1 అంటే ప్రిఫిక్స్‌ల గరిష్ఠ పరిమితి దాటడం. అది చదవగానే కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి. ఈ జాగ్రత్త లేనప్పుడు ఏమవుతుందో 2019 జూన్ 24న ప్రపంచం చూసింది. ఒక చిన్న నెట్‌వర్క్ నుంచి జారిన రూట్లను ఒక పెద్ద ప్రొవైడర్ వడపోయకుండా అందరికీ పంచితే, క్లౌడ్‌ఫ్లేర్ లాంటి సంస్థల ట్రాఫిక్‌లో చెప్పుకోదగ్గ భాగం గంటల పాటు ఆ ఇరుకు సందులోకి మళ్లింది.

రోల్‌బ్యాక్ చేసి, అవతలి నాక్‌కు (నెట్‌వర్క్‌ను కనిపెట్టుకునే కేంద్రం) ఫోన్ చేసి, సెషన్ మళ్లీ లేపించే సరికి 40 నిమిషాలు. ఇది వెండర్ తప్పా, మాదా? మార్పిడి సాధనం తప్పు చేసింది నిజం. ఏం ప్రకటిస్తున్నామో చూసే కమాండ్ ఉంటే రెండు నిమిషాల్లో తెలిసేదీ నిజం. కానీ చూడలేమని ముందే తెలిసీ ఫిల్టర్‌ను వరస వరసగా చదవకుండా ప్రొడక్షన్‌లో పెట్టింది మేమే. కమ్యూనిటీతో పాటు మా సొంత ప్రిఫిక్స్‌ల జాబితాతో కూడా వడపోసి ఉంటే, ఒక రూల్ జారినా రెండోది ఆపేది. ఆ రాత్రి రాసుకున్న రిపోర్టులో వెండర్ గురించి మూడు వాక్యాలుంటే మా గురించి ఎనిమిదున్నాయి.

వెండర్ లెక్క

కోపం తగ్గాక అటువైపు నుంచి ఆలోచించాను. వాళ్లు ఏటా అమ్మే పెట్టెల్లో బోర్డర్‌లో ఫుల్ టేబుల్ మోసేవి ఎన్ని ఉంటాయి? చాలా కొద్ది. ఎక్కువ భాగం ఇళ్లకూ దుకాణాలకూ హోటళ్లకూ వెళ్లేవి. అక్కడ వైఫై బాగుంటేనే తర్వాతి పెట్టె అమ్ముడవుతుంది. పైగా సాఫ్ట్‌వేర్ పెట్టెతో పాటు ఉచితం. మేం బోర్డర్ కొన్న రోజున ఇచ్చిన డబ్బే వాళ్లకు మా నుంచి వచ్చిన మొత్తం. ఆ తర్వాత ఐదేళ్ల పాటు టికెట్లు తప్ప ఏమీ ఇవ్వలేదు. కాంట్రాక్ట్ ఉంటే అందులో ఇన్ని గంటల్లో స్పందించాలి, ఇంత తీవ్రత ఉన్న బగ్‌కు ప్యాచ్ ఇవ్వాలి అని రాసి ఉంటుంది. మాకు అలాంటి కాగితం లేదు. మేం డబ్బు ఆదా చేసుకున్న చోటే మా మాటకు విలువ కూడా పోయింది.

అయినా ఒక ప్రయత్నం చేశాం. ఇదే బాక్సులు వాడే మరికొందరు ఆపరేటర్లతో మాట్లాడుకుని ఉమ్మడిగా ఒక జాబితా పంపుదామనుకున్నాం. మొదటి ముసాయిదాలో 40 కోరికలు వచ్చాయి, సగం తిట్లు. అది పంపి ఉంటే ఎవరూ చదివేవారు కాదు. పడీ పడీ వాదించుకుని ఐదుకు కుదించాం. ప్రతిదానికీ రెండు పెట్టెలతో ఎవరైనా ల్యాబ్‌లో పునరావృతం చేయగల చిన్న కాన్ఫిగరేషన్, ప్యాకెట్ క్యాప్చర్, ఏం జరగాలి, ఏం జరుగుతోంది అన్నవి జతచేశాం. ఐదింటిలో రెండు తర్వాతి రిలీజుల్లో బాగయ్యాయి. ప్రకటించే రూట్లు చూసే సౌకర్యం అందులో ఒకటి. మిగతా మూడింటికి జవాబు లేదు. బాగైన రెండూ వాళ్లు తమ బల్ల మీద అరగంటలో పునరావృతం చేసుకోగలిగినవని తర్వాత గమనించాను. మిగతా మూడూ వేల సెషన్లుంటే తప్ప కనబడనివి.

బోర్డర్‌ను బయటికి తీశాం

ఈలోగా మేమొక నిర్ణయానికి వచ్చాం. వెండర్‌ను మార్చడం కాదు. వాళ్ల ప్రాధాన్యాల మీద ఆధారపడకూడని పనులేవో తేల్చి, వాటిని మాత్రమే బయటికి తీయడం. జాబితా చిన్నదే: ఫుల్ టేబుల్ బీజీపీ, ఆర్‌పీకేఐ తనిఖీ, బయటికి ప్రకటించే ఫిల్టర్లు. స్విచింగ్, పీపీపీఓఈ, టవర్ల మీది లింకులు అలాగే ఉంటాయి, వాటిలో ఈ బాక్సులు బంగారం.

ఫుల్ టేబుల్ అసలు అవసరమా అన్న ప్రశ్న కూడా వచ్చింది. ఇద్దరి నుంచీ డిఫాల్ట్ రూట్ (వేరే దారి తెలియనప్పుడు పట్టేది), కొన్ని ముఖ్యమైన ప్రిఫిక్స్‌లు తీసుకుంటే చిన్న పెట్టెలే చాలు. చాలామంది చిన్న ఐఎస్‌పీలకు నేను ఇప్పటికీ అదే చెబుతాను. మాకు అడ్డొచ్చింది ఆర్‌పీకేఐ. చెల్లని రూట్‌ను ఫిల్టర్‌లో తిరస్కరించినా, ఆ గమ్యానికి వెళ్లే ప్యాకెట్ డిఫాల్ట్ రూట్ పట్టుకుని అప్‌స్ట్రీమ్‌కు పోతుంది. అప్‌స్ట్రీమ్ తనిఖీ చేయకపోతే సరాసరి దొంగ చేతికే. తలుపుకు తాళం వేసి కిటికీ తెరిచిపెట్టినట్టు.

అందుకని బోర్డర్‌లో రెండు మామూలు సర్వర్లు పెట్టాం. లినక్స్, దాని మీద బీజీపీ నడిపే బర్డ్ అనే సాఫ్ట్‌వేర్. ఆర్‌పీకేఐ సమాచారానికి రెండు వేర్వేరు మెషిన్ల మీద రూటినేటర్ అనే సాఫ్ట్‌వేర్. ఒకటి పోయినా రెండోది బర్డ్‌కు అందిస్తుంది. రెండూ పోతే రూట్లన్నీ "తెలియదు" స్థితికి వచ్చి మామూలుగా నడుస్తాయి తప్ప నెట్ ఆగదు. ఆర్‌ఎఫ్‌సీ 9234 ప్రకారం ప్రతి సెషన్‌కూ మన పాత్ర ఏమిటో, కస్టమరా ప్రొవైడరా, ప్రకటించే సౌకర్యం బర్డ్‌లో ఉంది, పెట్టాం. ఒక ప్రొవైడర్ నుంచి వచ్చిన రూట్ మరో ప్రొవైడర్‌కు వెళ్లకుండా ప్రొటోకాలే ఆపుతుంది. ఆ రాత్రి ఇది ఉండి ఉంటే ఫిల్టర్ జారినా లీక్ అయ్యేది కాదు.

ఇక అసలు విషయం. సెషన్ ఒకటి తెంచి, మళ్లీ లేపి, స్టాప్‌వాచ్ పట్టుకున్నాం. అంతా సర్దుకోవడానికి నిమిషం కూడా పట్టలేదు. నైట్ షిఫ్ట్ కుర్రాడు, ఇప్పుడు షిఫ్ట్ లీడ్ అయ్యాడు, కోర్ల గ్రాఫ్ చూపించి నవ్వాడు. "అన్నా, ఇక్కడ కూడా ఒక్కటే పనిచేస్తోంది."

నిజమే. మేం పెట్టిన బర్డ్ 2 సిరీస్ ఒకే థ్రెడ్ మీద నడుస్తుంది. పాత బాక్స్‌లోనూ ఒకటే కోర్, ఇక్కడా ఒకటే. అక్కడ 11 నిమిషాలు, ఇక్కడ నిమిషం లోపు. తేడా ఒక కోర్ ఎంత బలమైనదన్నదీ, సాఫ్ట్‌వేర్ ఒక మార్పు వచ్చినప్పుడు ఎంత పనిని అనవసరంగా మళ్లీ చేస్తుందన్నదీ. మేం రెండేళ్ల కింద టికెట్‌లో అడిగింది "అన్ని కోర్లూ వాడండి" అని. అడగాల్సింది "10 లక్షల రూట్లతో సెషన్ తెగితే నిమిషంలో సర్దుకోవాలి" అని. మాలాంటి వాళ్లు వందలమంది అదే మాట అడిగారు, వెండర్ దాన్నే చేశాడు: అన్ని కోర్లకూ పంచడానికి రూటింగ్ మొత్తం తిరగరాశాడు. ఆ తిరగరాతలోనే మా కమాండ్ పోయింది, ఫిల్టర్ భాష మారింది. జబ్బు చెప్పకుండా మందు పేరు మేమే చెప్పి రాయించుకున్నాం.

సర్వర్లు ఊరికే రాలేదు

మొదటి సర్వర్‌ను లైవ్‌లో పెట్టిన గంటలో కొందరు కస్టమర్లకు కొన్ని సైట్లు ఆగిపోయాయి. ఎక్కడా లాగ్ లేదు, ఇంటర్‌ఫేస్ ఎర్రర్లు లేవు. ఇద్దరు అప్‌స్ట్రీమ్‌లు ఉన్నప్పుడు ప్యాకెట్ ఒకరి ద్వారా వెళ్లి జవాబు మరొకరి ద్వారా రావడం మామూలే. మేం ఎంచుకున్న డిస్ట్రిబ్యూషన్‌లో లినక్స్ రివర్స్ పాత్ ఫిల్టర్ స్ట్రిక్ట్‌లో ఉంది. వెళ్లిన దారిన రాని ప్యాకెట్‌ను చప్పుడు కాకుండా పారేస్తోంది. ఒక నంబర్ మారిస్తే సరిపోయింది, ఆ నంబర్ దొరకడానికి రెండు గంటల టెన్షన్. ఇక కనెక్షన్ ట్రాకింగ్ (ప్రతి కనెక్షన్‌నూ ఒక టేబుల్‌లో గుర్తుపెట్టుకోవడం) ఆపేయాలన్నది ముందే తెలుసు కాబట్టి ఆ దెబ్బ తప్పింది. బోర్డర్‌లో అది ఆన్‌లో ఉంటే దాని టేబుల్ నిండి కొత్త కనెక్షన్లు పడిపోతాయి.

ఇంకో ఖర్చు కాగితం మీద కనబడదు. ఇప్పుడు కెర్నల్ ప్యాచ్, నెట్‌వర్క్ కార్డ్ డ్రైవర్, బర్డ్ అప్‌గ్రేడ్ అన్నీ మా బాధ్యతే. ఇది తెలిసిన వాళ్లు టీంలో ఇద్దరం. ఇద్దరూ ఒకేసారి సెలవు పెట్టకూడదన్న రూల్ ఒకటి చెప్పకుండానే వచ్చేసింది. మీ ట్రాఫిక్ మాకంటే చాలా ఎక్కువైతే సర్వర్లు కాకుండా కాంట్రాక్ట్‌తో వచ్చే పెద్ద రౌటర్లే కొనండి. మా లింకులు 10 జీ (సెకనుకు 10 గిగాబిట్లు) స్థాయివి కాబట్టి సరిపోయింది.

ఇంకా తెరిచే ఉన్న టికెట్

బీఎన్‌జీలు పాత వెండర్‌వే. వాటిలో ఐపీవీ6 ఇబ్బంది ఒకటి అలాగే ఉంది. సబ్‌స్క్రైబర్ కనెక్ట్ కాగానే డీహెచ్‌సీపీవీ6 (అడ్రసులు పంచే ప్రొటోకాల్) ద్వారా ఇంటికి ఒక ప్రిఫిక్స్ ఇస్తాం. ఏ ప్రిఫిక్స్ ఇచ్చామో ఆ వివరం రేడియస్ (సబ్‌స్క్రైబర్ల లాగిన్, వాడకం లెక్కలు చూసే వ్యవస్థ) అకౌంటింగ్ రికార్డులో రావాలి, అప్పుడే ఫలానా రోజు ఫలానా అడ్రస్ ఎవరి దగ్గరుందో చెప్పగలం. దీనికోసం 123వ రేడియస్ లక్షణం 2007లోనే ఆర్‌ఎఫ్‌సీ 4818లో ఉంది. మా బాక్స్ సెషన్ మొదలైనట్టు రికార్డు ముందే పంపేసి, ప్రిఫిక్స్ తర్వాత ఇస్తుంది. దాన్ని తర్వాతి రికార్డులో చేర్చడం ఒక్కోసారి మరిచిపోతుంది. "ఒక్కోసారి" అన్న మాటే దీన్ని చంపేసింది. రెండు పెట్టెలతో ల్యాబ్‌లో రాదు, వేల సెషన్లలోనే వస్తుంది. ఐదింటి జాబితాలో జవాబు రాని మూడింటిలో ఇదొకటి.

ఈసారి టికెట్ తిరగరాశాను. "అకౌంటింగ్ కోడ్ సరిచేయండి" అని అడగలేదు. ప్రిఫిక్స్ ఇచ్చిన తర్వాత ఇన్ని సెకన్లలోపు అది ఏదో ఒక రికార్డులో కనబడాలి, ఎలా అన్నది మీ ఇష్టం అని రాశాను. వేల సెషన్లను నకిలీగా లేపే స్క్రిప్టు ఒకటి జతచేశాను, వాళ్ల బల్ల మీద కూడా బగ్ కనబడేలా. ఈలోగా ప్రతి సబ్‌స్క్రైబర్‌కూ శాశ్వతంగా ఒకే ప్రిఫిక్స్ కేటాయించి, దాన్ని రేడియస్ డేటాబేస్‌లోనే రాసి, అదే లక్షణంతో బీఎన్‌జీకి పంపుతున్నాం. రికార్డు రాకపోయినా ఎవరిదేదో మాకు తెలుసు. ఐపీవీ6లో అడ్రసులకు కరువు లేదు కాబట్టి ఇది కుదిరింది, ప్రిఫిక్స్ మారక కస్టమర్లకూ సుఖంగానే ఉంది. స్క్రిప్టు నడిపితే అక్కడా బగ్ వచ్చిందని పోయిన నెల వెండర్ ఇంజినీర్ నుంచి ఒక్క లైను జవాబు వచ్చింది. తేదీ మాత్రం ఇంకా చెప్పలేదు.